శిఖరం మీద జెండా, పుస్తకంలో తుమ్మెద

ప్రశ్న: మా అబ్బాయి డెన్వర్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. పోయిన వేసవిలో నేనూ మా ఇంటావిడా వెళ్ళినప్పుడు పైక్స్ పీక్ చూపించాడు. ఏ పైక్ పేరు మీద ఆ శిఖరం ఉన్నదో ఆ సైనికాధికారి దాని కొస దాకా ఎక్కనే లేదని అక్కడే తెలిసింది. దేవరకొండ ఖిల్లా గోడల మీద బొగ్గుతో పేర్లు రాసే పిల్లలను జీవితమంతా కోప్పడినవాణ్ణి కనుక అడుగుతున్నాను. అమెరికా పడమటి ప్రాంతాలను అన్వేషించిన వారందరికీ ఇలాంటి పేరుపిచ్చి ఉండేదా?
— విశ్రాంత ఉపాధ్యాయుడు, దేవరకొండ

సమాధానం: మాస్టారూ, పైక్ విషయంలో మీ కోపం చేరవలసిన మనిషికి చేరలేదని మనవి చేస్తున్నాను. జెబ్యులన్ పైక్ 1806 నవంబరులో ఆ కొండను దూరం నుంచి చూసి, తొందరగానే ఎక్కి దిగవచ్చుననుకొని బయలుదేరి, పలుచని నూలు బట్టలతో, నడుం లోతు మంచులో, తినడానికి సరిగా ఏమీ లేని స్థితిలో వెనుదిరిగాడు. ఆ సంగతిని తన దినచర్యలో దాచకుండా రాసుకున్నాడు. కొండకు తన పేరు పెట్టుకోలేదు. 1820లో మేజర్ స్టీఫెన్ లాంగ్ బృందంలోని ఎడ్విన్ జేమ్స్ అనే యువకుడు మరో ఇద్దరితో కలిసి నిజంగానే పైదాకా ఎక్కినప్పుడు లాంగ్ దానికి జేమ్స్ పేరే పెట్టాడు. కానీ బీవర్ తోళ్ళ కోసం తిరిగే వేటగాళ్ళ నోళ్ళలో పైక్ పేరే నాని, చివరకు పటాలకు కూడా అదే ఎక్కింది. వీళ్ళందరి కంటే ఎంతో ముందు నుంచి అక్కడ ఉంటున్న యూట్ ప్రజలు ఆ కొండను తావా, అంటే సూర్యుడు, అని పిలుచుకునేవారు.

పేరు మీద మోజు ఎలా ఉంటుందో చూడాలంటే సైనికాధికారి జాన్ చార్లెస్ ఫ్రీమాంట్ దగ్గరికి రావాలి. ‘దారి కనుగొన్నవాడు’ అని అమెరికా పత్రికలు ఆయనను పొగిడాయి గాని, ఆయన నడిచిన దారుల్లో చాలావాటిని ఆదివాసులూ బీవర్ వేటగాళ్ళూ అప్పటికే ఎరుగుదురు. కిట్ కార్సన్, థామస్ ఫిట్జ్‌ప్యాట్రిక్ వంటి వారు ముందు నడుస్తుంటే ఆయన వెనుక నడిచాడు. 1842 ఆగస్టు 15న నేటి వయోమింగ్ రాష్ట్రంలోని విండ్ రివర్ శ్రేణిలో ఒక శిఖరం ఎక్కాడు. ముందు రోజు ఆ ఎత్తుకు తలనొప్పితో, వాంతులతో కూలబడిపోయిన మనిషి మర్నాడు మళ్ళీ ప్రయత్నించి పైకి చేరాడు. కొస మీద ఒక్కసారికి ఒక్క మనిషి నిలబడేంత చోటే ఉంది. బండ చీలికలో తుపాకీ గజం గుచ్చి, దానికి గద్ద బొమ్మతో ప్రత్యేకంగా తయారు చేయించుకొని తెచ్చిన జెండా కట్టి ఎగురవేశాడు. రాకీ పర్వతాలన్నింటిలో ఎత్తయిన శిఖరం ఎక్కానని లోకానికి చెప్పాడు. ఆయన లెక్క ప్రకారం దాని ఎత్తు 13,570 అడుగులు. ఆ శ్రేణిలోనే గానెట్ శిఖరం దానికంటే ఎత్తు. దక్షిణాన కొలరాడోలో 14,000 అడుగులు దాటిన శిఖరాలు యాభైకి పైగా ఉన్నాయి.

అయినా ఆ పూట జరిగిన ఒక చిన్న విషయం నన్ను కదిలిస్తుంది. వాళ్ళు పైన విశ్రాంతిగా కూర్చొని ఉండగా, పచ్చని పోచ కూడా లేని ఆ ఎత్తుకు ఎక్కడి నుంచో ఒక తుమ్మెద ఎగిరి వచ్చి ఒకరి మోకాలి మీద వాలింది. ఇంత ఎత్తుకు ఎగిరిన తుమ్మెద మరొకటి ఉండదని, నాగరికత రాకను ముందుగా తెలిపే ఒంటరి బాటసారి ఇదని ఫ్రీమాంట్ భావించాడు. అలా భావించిన వెంటనే దాన్ని పట్టుకొని, మొక్కల నమూనాలు దాచే పెద్ద పుస్తకంలో పువ్వుల మధ్య పెట్టి అదిమేశారు. ఈ సంగతి బయటపెట్టినవారు ఆయన శత్రువులు కారు. ఆయన నివేదికలోనే ఉంది. తన రాకతో సమానమని తలచిన ప్రాణిని తన పుస్తకంలో ఎండబెట్టుకున్న ఆ మనిషి మనసును అంతకంటే దగ్గరగా చూపే వాక్యం ఆయన మీద రాసిన వేరే రచనల్లో నాకు దొరకలేదు.

ఆయన ఆర్భాటానికి మూల్యం కూడా ఉంది. అదే యాత్రలో ప్లాట్ నది ఇరుకు లోయలో, నడచి పోగల దారి ఉండగా, రబ్బరు పడవలో సుడులు దాటాలని దిగితే పడవ తిరగబడి పరికరాలూ సామానూ కొట్టుకుపోయాయి. రెండో యాత్రకు శాస్త్ర పరిశోధన పేరుతోనే ఒక చిన్న ఫిరంగిని వెంట తీసుకుపోయాడు. దాన్ని వందల మైళ్ళు ఈడ్చి ఈడ్చి 1844 జనవరిలో సియెర్రా నెవాడా మంచులో వదిలేయవలసి వచ్చింది. ఫిరంగి సంగతి అడుగుతూ వాషింగ్టన్ నుంచి వచ్చిన ఉత్తరాన్ని ఆయన భార్య జెస్సీ తన దగ్గరే దాచి, వెంటనే బయలుదేరిపొమ్మని భర్తకు కబురు పంపానని తరువాత స్వయంగా చెప్పుకున్నది. ఇవన్నీ ఒక ఎత్తు, 1848 చలికాలం ఒక ఎత్తు. రైలు మార్గం కోసమని నేటి కొలరాడోలోని శాన్ వాన్ పర్వతాల్లోకి నడి శీతకాలంలో 33 మందిని తీసుకుపోతే, కంచర గాడిదలన్నీ గడ్డకట్టి చనిపోయాయి, మనుషుల్లో పది మంది తిరిగి రాలేదు. ఫ్రీమాంట్ ఆ నేరాన్ని దారి చూపిన ముసలి బిల్ విలియమ్స్ మీద వేశాడు. జెండా పాతడాన్ని నేను క్షమించగలను, దీన్ని మాత్రం క్షమించలేను.

అట్లని ఆయన పనిలో సారం లేదనుకోకూడదు. మామ థామస్ హార్ట్ బెంటన్ మిజూరీ సెనేటరు, పడమటి విస్తరణకు గట్టి సమర్థకుడు. అల్లుడి యాత్రలకు ప్రభుత్వ ధనం రావాలంటే అల్లుడు జనం కళ్ళలో వీరుడు కావాలి. రాయడానికి కూర్చుంటే తలనొప్పి, ముక్కు నుంచి రక్తం కారడం ఫ్రీమాంట్‌కు బాధ. అందుకని ఆయన చెబుతుంటే జెస్సీ కలం పట్టింది, నివేదికలకు కథల రుచి వచ్చింది. 1845 నాటి నివేదికను సెనేటే పదివేల ప్రతులు అచ్చు వేయించింది. వాటితో పాటు చార్లెస్ ప్రాయిస్ అనే జర్మన్ పటకారుడు గీసిన పటాలు బండ్ల మీద ఒరెగాన్‌కు తరలిపోయే కుటుంబాలకు ఆధారమయ్యాయి. అదే ప్రాయిస్ తన సొంత డైరీలో నాయకుడిని ఎంత విసుక్కున్నాడో, ఆ డైరీ 1958లో ఇంగ్లీషులో అచ్చయ్యే దాకా లోకానికి తెలియలేదు.

ఇక గోడల మీద పేర్ల సంగతి. న్యూ మెక్సికోలో ఎల్ మోర్రో అనే బండ ఉంది; 1605లో స్పెయిన్ అధికారి హువాన్ దె ఓన్యాతె ‘ఈ దారిన పోయాడు’ అంటూ దాని మీద తన పేరు చెక్కించుకున్నాడు. ఆ బండ మీదే అంతకు ముందరి పూర్వికులు చెక్కిన బొమ్మలున్నాయి. అలెగ్జాండర్ మెకెంజీ 1793లో కెనడా గుండా పసిఫిక్ తీరం చేరి, కొవ్వులో కలిపిన ఎర్రరంగుతో బండ మీద పేరూ తేదీ రాశాడు. మెరివెదర్ లూయిస్‌తో కలిసి అమెరికా ఖండాన్ని దాటిన విలియం క్లార్క్ 1805 డిసెంబరులో అదే సముద్రపు ఒడ్డున, ఇంచుమించు అవే మాటలతో, చెట్టు మీద చెక్కాడు. తిరిగి వస్తూ 1806 జూలై 25న ఎల్లోస్టోన్ నది పక్క బండ మీద ఆయన చెక్కిన సంతకాన్ని నేడు అద్దం పెట్టి కాపాడుతున్నారు. ఫోటో లేని కాలంలో, మరో దేశం వాడు వచ్చి ఈ నేల నాదంటాడేమోనన్న భయం ఉన్న కాలంలో, ఆ గీతలు పేరుపిచ్చితో పాటు రసీదు పని కూడా చేశాయి. దేవరకొండ ఖిల్లా మీది బొగ్గు రాతలకు అలాంటి అవసరం లేదు కనుక, పిల్లలను మీరు కోప్పడడంలో తప్పు లేదు.

ప్రశ్న: నేను మండల స్థాయి విలేకరిని. నాయకులు ఏ పని చేసినా ముందు కెమెరాను పిలవడం చూస్తూనే ఉంటాను. ఆ అన్వేషకుల ఆర్భాటంలో పత్రికల వంతు ఎంత?
— ఒక పాఠకుడు, సూర్యాపేట

సమాధానం: చాలా ఉంది. 1874లో జార్జ్ కస్టర్ అనే సైనికాధికారి బ్లాక్ హిల్స్ కొండలకు పోయినప్పుడు వెయ్యికి పైగా మనుషులు, నూట పది బండ్లు, గుర్రాల మీద వాద్య బృందం, విలేకరులు, విలియం ఇలింగ్‌వర్త్ అనే ఫోటోగ్రాఫరు వెంట ఉన్నారు. అమెరికా ప్రభుత్వంతో కుదిరిన 1868 ఒప్పందం ప్రకారం ఆ కొండలు లకోటా ప్రజలవి. ఎలుగుబంటిని చంపిన కస్టర్ దాని పక్కన తుపాకీతో కూర్చొని తీయించుకున్న ఫోటో నేటికీ ఉంది. నిజానికి దాని మీద ఆయనతో పాటు మరికొందరు కూడా కాల్చారు. ఆ ఫోటో వల్ల ఎవరికీ నష్టం లేదు. అక్కడ బంగారం ఉన్నదన్న వార్త అంతే ఉత్సాహంగా పత్రికలకు ఎక్కడం వల్ల మాత్రం వేలమంది ఎగబడ్డారు, ఒప్పందం చిత్తుకాగితమైంది, రెండేళ్ళకు 1876 జూన్ 25న లిటిల్ బిగ్‌హార్న్ నది దగ్గర కస్టరూ ఆయన వెంట ఉన్న సైనికులూ హతమయ్యారు.

ఆ ఏడాదే జూలై 17న, సైన్యానికి స్కౌటుగా పనిచేస్తున్న విలియం కోడీ, అంటే బఫెలో బిల్, నాటకాల్లో వేసుకునే నల్ల మఖ్మల్ దుస్తులతోనే యుద్ధానికి వెళ్ళి, ఎల్లో హెయిర్ అనే షయెన్ వీరుణ్ణి చంపి, నెత్తి చర్మం ఒలిచి, కొన్ని నెలలకే ఆ ఘట్టాన్ని నాటకంగా ఆడాడు. రంగస్థలం యుద్ధానికి వేషం ఇచ్చింది, యుద్ధం రంగస్థలానికి కథ ఇచ్చింది. 1883లో మొదలైన ఆయన వైల్డ్ వెస్ట్ ప్రదర్శనను 1887లో విక్టోరియా రాణి కూడా చూసింది. కోడీ అన్వేషకుడు కాడని మీరు అనవచ్చు. కానీ అన్వేషకుడంటే ఇలా ఉంటాడన్న బొమ్మను లోకానికి అందించినవాడు ఆయనే.

మీ వృత్తిలో ఉన్నవారు తప్పక తెలుసుకోవలసింది కిట్ కార్సన్ అనుభవం. చదువు రాని ఆ మనిషిని ఫ్రీమాంట్ నివేదికలు దేశమంతటికీ పరిచయం చేస్తే, చవక నవలలవాళ్ళు ఆయన పేరు పెట్టి సాహసాలు కల్పించి అమ్ముకున్నారు. 1849లో జికరియా అపాచీలు ఎత్తుకుపోయిన ఆన్ వైట్ అనే స్త్రీని వెతుకుతూ కార్సన్ ఉన్న బృందం వెళ్ళింది. శిబిరం దొరికేసరికి ఆమె కొద్ది నిమిషాల ముందే చనిపోయింది, ఒళ్ళు ఇంకా చల్లబడలేదు. ఆమె ఉన్న చోట ఒక పుస్తకం దొరికింది. అందులో వందలకొద్దీ శత్రువులను చంపే వీరుడు కిట్ కార్సనే. మరొకరు చదివి వినిపిస్తే విన్నాడు. ఆమె ఆ కథ చదివి, కార్సన్ వచ్చి రక్షిస్తాడని ఎదురుచూసి ఉంటుందన్న ఆలోచన తనను వదలలేదని, 1856లో చెప్పి రాయించిన ఆత్మకథలో ఆయన గుర్తు చేసుకున్నాడు. తానుగా కోరని పేరు కూడా మనిషి మెడకు అలా చుట్టుకుంటుంది. ఆ దుఃఖం నిజమైనదే గాని దాన్ని చూసి ఆయనను పుణ్యాత్ముడిగా నిలబెట్టడం కూడా అబద్ధమవుతుంది. 1863-64లో నవాహోల పంటలు తగలబెట్టించి, వారిని ఆకలితో లొంగదీసి దేశాంతరం నడిపించిన దండయాత్రకు నాయకుడు ఆయనే.

ప్రశ్న: మరి బడాయి లేని అన్వేషకులు ఒక్కరైనా లేరా?
— డిగ్రీ విద్యార్థిని, నల్లగొండ

సమాధానం: మెరివెదర్ లూయిస్ ఉన్నాడమ్మా. 1805 ఆగస్టు 18న, ఖండాన్ని దాటుతూ సగం దారిలో ఉండగా, తనకు 31 ఏళ్ళు నిండిన రోజున, మానవజాతికి ఉపకరించే పని ఇంతవరకు తాను చేసింది చాలా తక్కువని, సోమరితనంలో గడిపిన గంటలకు చింతిస్తున్నానని రాసుకున్నాడు. అయితే ఆ వినయంతో పాటు ఆయనను ఏదో నిస్పృహ కూడా పట్టుకున్నది. తిరిగి వచ్చి మూడేళ్ళయినా పుస్తకానికి ఒక్క పుట కూడా సిద్ధం చేయకుండానే 1809 అక్టోబరులో మరణించాడు. 1814లో వేరొకరి చేతుల మీదుగా వెలువడిన పుస్తకంలో మొక్కలూ జంతువుల వివరాలు చాలామటుకు లేవు. దినచర్యలు పూర్తిగా అచ్చయ్యేసరికి 1904 వచ్చింది. తాను చూసిన దాన్ని నలుగురికీ చెప్పాలన్న ఆరాటం అన్వేషకుడికి కొంతైనా ఉండాలని నేను అనేది ఇందుకే.

ప్రశ్న: మా తాత నాగార్జునసాగర్ కట్టినప్పుడు రాయి మోశాడు. మా పాలమూరు కూలీలు కట్టని డ్యాము లేదంటారు, శిలాఫలకాల మీద మాత్రం వారి పేర్లు ఉండవు. అచ్చంపేట దాటి నల్లమలలోకి పోవాలంటే నేటికీ చెంచులే దారి చూపాలి. ఆ అన్వేషకులకు దారి చూపిన వారి, పడవలు లాగిన వారి పేర్లు చరిత్రలో ఉన్నాయా?
— ఒక పాఠకుడు, నాగర్‌కర్నూల్

సమాధానం: ఈ ఉత్తరం చదివాక పై మూడు సమాధానాలూ మళ్ళీ చూసుకున్నాను. జెండాలు, మఖ్మల్ బట్టలు, వాద్య బృందాలు చూడగానే కనిపించే ఆర్భాటాలు. తోడు నడిచినవాడి పేరు తుడిచివేయడం కనిపించని ఆర్భాటం, నా దృష్టిలో దానికంటే పెద్ద తప్పు లేదు.

లూయిస్, క్లార్క్‌ల యాత్రలో చంటిబిడ్డను వీపున కట్టుకొని నడిచి, తన షొషోనీ వారితో మాట్లాడి గుర్రాలు ఇప్పించిన సకాగవియాకు జీతం లేదు. దుబాసీ పనికని ఆమె భర్తకు 500 డాలర్ల 33 సెంట్లు ముట్టాయి. అందరితో సమానంగా కష్టపడ్డ యార్క్, క్లార్క్‌కు బానిస. తిరిగి వచ్చాక స్వేచ్ఛ అడిగితే క్లార్క్ ఏళ్ళ తరబడి ఇవ్వలేదు. దినచర్యల్లో వీరి పేర్లు ఉన్నాయి కనుకనే ఈ సంగతి మనం చెప్పుకోగలుగుతున్నాం. అసలు బాధ కలిగించేది నేను ఎంతో గౌరవించే జాన్ వెస్లీ పావెల్ చేసిన పని.

పావెల్ గొప్పవాడు. 1862లో అమెరికా అంతర్యుద్ధంలోని షైలో పోరులో కుడి చేయి పోగొట్టుకొని, ఏడేళ్ళ తరువాత తొమ్మిది మందితో, నాలుగు పడవలతో, పటంలో ఖాళీగా ఉన్న కొలరాడో నది లోయల్లోకి దిగాడు. ఒకచోట కొండ ఎక్కుతూ, ఉన్న ఒక్క చేత్తో రాతిని పట్టుకొని, పైకి పోలేక కిందికి దిగలేక వేలాడుతుంటే, పైనున్న జార్జ్ బ్రాడ్లీ దగ్గర తాడు లేక తన లోపలి లాగు విప్పి కిందికి జారవిడిచాడు. పావెల్ పట్టు వదిలి, గాలిలోనే ఆ లాగును అందుకొని పైకి వచ్చాడు. మీ పాలమూరు రైతులకు నచ్చే సంగతి మరొకటి: ఏడాదికి 20 అంగుళాల వాన పడని నేలలో నీటి పారుదల లేకుండా సేద్యం నిలవదని, ఉన్న నీళ్ళు మొత్తం భూమికి చాలవని 1878లోనే రాశాడు. 1893లో లాస్ ఏంజెలెస్ సభలో అదే మాట చెబితే సభ్యులు గోల చేశారు, అయినా మాట మార్చలేదు.

అంతటి మనిషి 1875లో అచ్చు వేయించిన నివేదికలో ఏం చేశాడో చూడండి. 1871లో మొదలుపెట్టి 1872 దాకా ఆయన అదే నది మీద రెండో యాత్ర చేశాడు. సరిగా కొలిచి పటం గీయడం, ఫోటోలు తీయడం చాలావరకు ఆ రెండో బృందం కష్టమే. నివేదికలో మాత్రం రెండో యాత్ర అన్నదే జరగనట్టు, అందులోని సంఘటనలు కొన్నింటిని 1869 దినచర్యలో కలిపేసి, కథ నడవడానికి వీలుగా ఒకే ప్రయాణంగా చూపాడు. ఆ మనుషుల పేర్లు లేవు. పదిహేడేళ్ళ వయసులో బొమ్మలు గీయడానికి చేరిన ఫ్రెడరిక్ డెలెన్‌బా, తన నాయకుడి మీద భక్తి సడలకుండానే, 1908లో తానే పుస్తకం రాసి తన తోటివారి ప్రయాణాన్ని లోకానికి తెలియజేయవలసి వచ్చింది.

మొదటి యాత్రలో మరో ముగ్గురు, హౌలండ్ సోదరులు ఒరామెల్, సెనెకా, వారితో విలియం డన్, 1869 ఆగస్టు 28న ముందున్న సుడిని చూసి, ఇందులో దిగితే బతకమని చెప్పి, నది వదిలి గట్టెక్కి నడిచిపోయారు. పావెల్ వెంట మిగిలిన ఐదుగురూ ఆయనతో పాటు రెండు రోజుల్లో లోయ దాటి బయటపడ్డారు. నడిచిపోయిన ముగ్గురూ హత్యకు గురయ్యారు; చంపింది ఎవరన్న వాదం నేటికీ తెగలేదు. గ్రాండ్ కేన్యన్ దక్షిణపు అంచున పావెల్‌కు స్మారకం కట్టినప్పుడు, పడవవాళ్ళ పేర్లు వేసిన ఫలకం మీద, మూడు నెలలు ప్రాణాలకు తెగించి అదే పడవలు లాగిన ఆ ముగ్గురి పేర్లూ వేయలేదు, మధ్యలో విడిచిపోయారన్నది కారణం. వాళ్ళు నది వదిలిన ఆ లోయ మొగలో, డెబ్బై ఏళ్ళకు, 1939లో కొందరు నదీయాత్రికులు విడిగా ఒక ఫలకం బిగించారు. మీరు అడిగిన పేర్లలో మూడు దాని మీద ఉన్నాయి.